లెక్క మొదలుపెట్టిన పిల్ల పేరు

పెద్దమ్మ పోయిందన్న కబురు జగదల్‌పూర్‌లో నేను క్లాసులో ఉండగా వచ్చింది. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి వరండాలోకి వచ్చి తీశాను. కిరండూల్ నుంచి బాబాయి.

"పొద్దున టీ తాగి, పేపర్ల క్రికెట్ స్కోరు చూస్తా చూస్తా అట్లనే ఒరిగిందంట. ఆస్పత్రికి తీస్కపోయే లోపలే అయిపోయింది బిడ్డా" అన్నాడు.

క్రికెట్ ఎందుకు చూసేదో బాబాయికి తెలియదు. ఎవరు గెలిచారో ఆమెకు ఏనాడూ పట్టలేదు. ఇంగ్లండ్ జట్టు ఆడే రోజుల్లో ఆటగాళ్ళ ఇంటిపేర్ల కోసం ఆ పేజీ తిరగేసేది. కొత్త పేరు కనబడితే పెన్సిల్‌తో సున్నా చుట్టేది. ఆఖరి ఉదయం కూడా అదే పనిలో ఉందని వినగానే, దుఃఖం కంటే ముందు నాకు ఆ సున్నా ఏ పేరు చుట్టూ ఉందో చూడాలన్న ఆత్రం వచ్చింది. ఆమె విషయంలో నాకు ఎప్పుడూ ఇంతే. తలచుకుంటే చాలు, ఒంట్లో ఏదో హుషారు పుడుతుంది. ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడు కూడా అలాగే ఉంది.

మాకు చుట్టరికం ఏమీ లేదు. మాది కొంటా దగ్గర శబరి ఒడ్డున చిన్న ఊరు. ఎనిమిది తర్వాత చదువుకోవడానికి నన్ను బాబాయి దగ్గరికి పంపారు. ఆయన ఇనుప గనిలో డంపర్ నడిపేవాడు. పక్క క్వార్టర్‌లో విజయనగరం వైపు నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. ఆయన గనిలో సర్వేయరు. ఆమె స్కూల్లో లెక్కల టీచరు. పిల్లలందరికీ ఆమె మేడమ్‌జీ. నాకు మాత్రం మొదటి వారం నుంచే పెద్దమ్మ, ఆయన పెదనాన్న.

ఆ మొదటి వారంలో జరిగింది చెప్పాలి. స్కూల్లో నన్ను చేర్పించేటప్పుడు గుమాస్తా మా నాన్నను హిందీలో ఇంటిపేరు అడిగాడు. నాన్నకు ఆ మాట అర్థం కాలేదు. ఎక్కడివాళ్ళని అడుగుతున్నాడనుకుని, రేవు కాడోళ్ళం అన్నాడు. గుమాస్తా 'రేవు' అని రాసేశాడు. మా అసలు ఇంటిపేరు ఆ రోజే పోయింది. హాజరు పిలిచినప్పుడల్లా క్లాసంతా నవ్వేది. ఒక సాయంత్రం పెద్దమ్మ వాళ్ళ మెట్ల మీద కూర్చుని ఆ సంగతి చెప్పి ఏడ్చాను.

ఆమె ఓదార్చలేదు. ముఖం వెలిగిపోయింది. లోపలికి వెళ్ళి రెండు బిస్కెట్ డబ్బాలు తెచ్చి ముందు పెట్టింది. వాటి నిండా కాగితపు చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక్కో ఇంగ్లీషు ఇంటిపేరు. వెతికి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఫోర్డ్.

"అంటే ఏటో తెలుసా? కాలినడకన ఏరు దాటే చోటు. ఎప్పుడో ఒకడిని నువ్వెక్కడివాడివని అడిగితే, ఏరు దాటే చోట ఉంటానన్నాడు. రాసేవాడు అదే రాసుకున్నాడు. మీ నాన్నగారికి జరిగిందీ అదే. నీది దొంగపేరు కాదమ్మా. ఇంటిపేర్లు పుట్టే పద్ధతిలోనే పుట్టింది."

ఇక ఆపకుండా చీటీలు తీస్తూనే ఉంది. ఫ్లెచర్ అంటే బాణాలు చేసేవాడు. కూపర్ అంటే చెక్క పీపాలు కట్టేవాడు. అట్‌వుడ్ అడవి పక్కన ఉండేవాడు. జాన్సన్ అంటే జాన్ కొడుకు. రీడ్‌కీ చదవడానికీ సంబంధం లేదు, ఎర్రజుట్టువాడని. అన్నిటికంటే ఇష్టంగా చూపించినవి మూడు: బాక్స్‌టర్, వెబ్‌స్టర్, బ్రూస్టర్. మొదట్లో ఆ మాటలు రొట్టెలు కాల్చే ఆడమనిషికీ, బట్ట నేసే ఆడమనిషికీ, బీరు కాచే ఆడమనిషికీ వాడేవారట. తర్వాత మగవాళ్ళ ఇంటిపేర్లయి కూర్చున్నాయి. "ఎవరో ఒక ముసలమ్మ కాల్చిన రొట్టెలు, మునిమనవల సంతకాల్లో ఇంకా ఉన్నాయి" అని నవ్వింది. మర్నాడు హాజరులో రేవు అని పిలిస్తే గట్టిగా పలికాను.

ఈ పిచ్చి ఆమెకు లెక్కల పుస్తకాల వల్లే పట్టిందని తర్వాత తెలిసింది. పుస్తకం చివర ఇచ్చే పరిశోధకుల పేర్ల పట్టికలో మొదట ఒక పేరుకు అర్థం వెతికిందట. తర్వాత ఆపలేకపోయింది.

నేను బీఎస్సీలో ఉండగా ఒక సెలవులో ఆమెతో, ఒకానొక ఫంక్షన్‌ను సమాకలనం, అంటే ఇంటెగ్రేట్, చేయడం కుదరదని మా సారు చెప్పారని అన్నాను. కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, ఎవరన్నారా మాట అని అడిగింది. ఆమె కూర్చున్న ఆ చాపమీదే నాకు సాధారణీకృత సమాకలని, అంటే జనరలైజ్డ్ ఇంటెగ్రల్, పరిచయమైంది.

లెక్కలు రానివారికి కూడా అర్థమయ్యేలా ఆమె చెప్పినట్టే చెబుతాను. ఒక వంపు గీత కింద ఎంత చోటు ఉందో తెలుసుకోవాలంటే దాన్ని సన్నటి నిలువు పట్టీలుగా కోసి, అన్నీ కలుపుతాం. కాలేజీలో నేర్పే పద్ధతిలో పట్టీలన్నిటికీ ఒకటే నియమం: ఏ పట్టీ కూడా ఇంతకు మించి వెడల్పు ఉండకూడదు. గీత ఒకచోట మరీ పిచ్చిగా ఎగిరిపడుతుంటే ఆ నియమం చాలదు, లెక్క తేలదు. పెద్దమ్మ ప్రేమించిన సమాకలనిలో ప్రతి చోటుకూ దాని సొంత కొలత ఉంటుంది. గొడవ ఉన్నచోట పట్టీ వెంట్రుకంత, లేనిచోట హాయిగా బెత్తెడు.

"బైలాడీలా కొండెక్కేటప్పుడు నువ్వేం చేస్తావు? చదునుగా ఉన్నచోట బారలు వేస్తావు. రాళ్ళున్నచోట వేలు ఆనించి చూసుకుంటావు. అడుగు ఎంతో నేలే చెప్తుంది. మిగతా పద్ధతులు గెంటేసిన వాటిని కూడా ఇది లోపలికి రమ్మంటుంది" అంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు పెద్దమనసు ఇంటెగ్రల్. ఆ మధ్యాహ్నం కూర పొయ్యి ఎక్కలేదు. పెదనాన్న వచ్చి, మా ఇద్దరినీ చూసి, ఆవకాయ జాడీ దించారు.

నేను పరిశోధనలో చేరాకే ఆమె తన కథ చెప్పింది. పెళ్ళికి ముందు విశాఖలో ఆమె కూడా ఇదే విషయం మీద పరిశోధన చేసింది. థీసిస్ అంతా టైపు అయ్యాక, ఇవ్వడానికి వారం ముందు, ముఖ్యమైన నిరూపణలో ఒక కన్నం ఉందని తనే కనిపెట్టింది. గీత ఎగిరిపడి గొడవ చేసే బిందువులు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగలిగినవైతే నిరూపణ నిలుస్తుంది. దుమ్ములా లెక్కకు అందకుండా ఉంటే కూలిపోతుంది. ఆ అధ్యాయం తీసేసి మిగతాది ఇమ్మని గైడు సలహా ఇచ్చారు. ఆమె ఇవ్వలేదు. అది తీసేస్తే ఇక నేను చేసిందేముంది అని అడిగిందట. తర్వాత పెళ్ళయింది, కిరండూల్ వచ్చేసింది. ఆ టైపు కాగితాలు ముప్పై ఏళ్ళకు పైగా గోధుమరంగు ఫైలులో ఉండిపోయాయి. ఏటా వేసవి సెలవుల్లో తీసి ఒకసారి ప్రయత్నించేది. ఏటా అక్కడే ఆగిపోయేది.

మూడేళ్ళ కిందటి దసరా సెలవులకు వెళ్ళినప్పుడు ఆమె చాప మీద చీటీలన్నీ పరిచి కూర్చుంది. మామూలుగా నాలుగు కుప్పలుండేవి: తండ్రి పేరు నుంచి వచ్చినవి, వృత్తి నుంచి, చోటు నుంచి, మనిషి వాలకం నుంచి. ఆ రోజు చూస్తే కుప్పలు చాలా ఉన్నాయి.

"ఇదేంది పెద్దమ్మా, కుప్పలు మార్చినవు?"

"అర్థాన్ని బట్టి పేర్చి పేర్చి విసుగొచ్చిందమ్మా. ఎంత వెనక్కి వెళ్తే పేరు తేలుతుందో చూసి పేరుస్తున్నాను. బేకర్ చూడగానే తెలుస్తుంది. ఫ్లెచర్‌కి ఒక మెట్టు దిగాలి. కొన్నిటికి రెండు, మూడు. పేరు ఎంత పిచ్చిదైనా సరే, ఏదో ఒక మెట్టు దగ్గర..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో చీటీ అలాగే ఉంది. అదే క్షణంలో నాకూ తట్టింది. నిరూపణలో గొడవ చేసే ఆ పాడు బిందువులను పెద్దమ్మ అంతదాకా గీత ఎంత ఎత్తు ఎగిరిందన్నదాన్ని బట్టి గుంపులు చేస్తూ వచ్చింది. అలా కాక, ఎంత దగ్గరికి వెళ్తే అవి కుదురుకుంటాయో చూసి గుంపులు చేస్తే? ఒక్కో గుంపులో లెక్కకు అందనన్ని బిందువులు ఉంటే ఉండనీ. గుంపులను మాత్రం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టవచ్చు.

ఆమె చీటీ తిరగేసి వెనక రాయడం మొదలుపెట్టింది. అది నిండితే ఇంకోటి. నేను చీటీలు అందిస్తూ పోయాను. నాలుగు రోజులు మాకు ఇంకో లోకం లేదు. మూడో రోజు అంతా కూలిపోయిందనుకున్నాం. రెండు గుంపులు ఒకదానిలోకి ఒకటి జారుతున్నాయి. వాటిని విడదీసే చిన్న మెలిక నాకు స్నానం చేస్తుంటే దొరికింది. తడి జుట్టుతో పరుగెత్తుకెళ్ళి చెబితే, ఆమె కాగితం మీద రాసి చూసుకుని, "కన్నం పూడింది" అంది. అంతే అంది. తర్వాత నా తడి తల ఒళ్ళోకి లాక్కుని తుడుస్తూ కూర్చుంది.

దాన్ని పరిశోధన పేపరుగా రాసి లెక్కల పత్రికకు పంపే రోజు అనుకోని చోట చిక్కుపడ్డాం. కంప్యూటర్‌లో ఇంటిపేరు తప్పక రాయాలన్న గడి ఉంది. నాది సులువు, రేవు అని కొట్టాను. ఆమె చేయి ఆగిపోయింది. వందల ఇంటిపేర్ల పుట్టుక చెప్పగల మనిషికి తన పేరు దగ్గర దిక్కు తోచలేదు. ఆధార్‌లో పెదనాన్న ఇంటిపేరు. స్కూలు రికార్డుల్లో పేరు చివర ఉన్న 'కుమారి'నే ఇంటిపేరుగా రాశారు. పుట్టింటి పేరు ఆ గోధుమరంగు ఫైలు మీద తప్ప ఎక్కడా లేదు.

పెదనాన్న కుర్చీలో న్యూస్ పేపరు చదువుకుంటున్నారు. ఆమె అటు తిరిగి, మెల్లగా, "ఏమండీ, ఈ లెక్క మొదలుపెట్టింది ఆ పిల్లండీ. ఆ పిల్ల పేరు పెడతాను" అంది.

ఆయన పేపరు దించారు. "ఇన్నేళ్ళూ ఆ ఫైలు మీది పేరు నేను చూడలేదనుకున్నావా? అదే పెట్టు" అన్నారు.

ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. పేపరును పత్రికవాళ్ళు ఒకసారి తిప్పి పంపారు, కొన్ని దిద్దమన్నారు, దిద్దాం. పోయిన వానాకాలంలో అంగీకరించినట్టు నాకు మెయిల్ వచ్చింది. వెంటనే ఫోన్ చేశాను. ఆమె ఒక్క 'ఊ' అంది, లైను నిశ్శబ్దమైపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. మర్నాడు మాట్లాడినప్పుడు మామూలుగానే, సంతోషంగా ఉంది. అంతకుమించి అడగలేదు.

పదో రోజుకు కిరండూల్ వెళ్ళాను. ఆ ఉదయం పేపరు పెదనాన్న దాచి ఉంచారు. సున్నా ఒక కొత్త పేరు చుట్టూ ఉంది. అర్థం నాకు తెలియదు, వెతకాలి. చీటీల డబ్బాలు నన్ను తీసుకెళ్ళమన్నారు. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, నేను ఏమీ అడగకుండానే, అంగీకారం సంగతి చెప్పడానికి నేను ఫోన్ చేసిన ఆ వాన రోజు ఏం జరిగిందో చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఆయన కింద క్లబ్బులో, తనలాగే రిటైరైన మరో ముగ్గురితో క్యారమ్స్ ఆడుతున్నారట. కొండ మీద నుంచి రోడ్డంతా ఇనుప మట్టి కలిసిన ఎర్రనీళ్ళు పారుతున్నాయి. ఆ వానలో ఎవరో గొడుగు లేకుండా వాలు మీద పరుగెత్తుకొస్తున్నారు. దగ్గరికొస్తే ఈవిడ. అరవై దాటిన మనిషి. చెప్పులు చేతిలో ఉన్నాయి, చీర మోకాళ్ళ దాకా ఎర్రగా తడిసి కాళ్ళకు అతుక్కుపోయింది. ఇంట్లో ఏదో ఘోరం జరిగిందనుకున్నారట ఆయన. ఆమె క్లబ్బు మెట్లెక్కి స్తంభం పట్టుకుని నిలబడింది. ఆయాసానికి మాట రావడం లేదు. ముఖం మీద నీళ్ళు తుడుచుకోవడం లేదు. చీర కుచ్చిళ్ళ నుంచి ఎర్రనీళ్ళు మెట్ల మీద కారుతున్నాయి, ఆమె నవ్వుతూనే ఉంది. బోర్డు చుట్టూ ఉన్న నలుగురు పెద్దవాళ్ళూ, ఎందుకో తెలియకుండానే, కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.