మంచు ఊళ్లో బూట్లు విడిచినవాడు

ఆ రోజుల్లో అమెరికా వచ్చినవాళ్లంతా డాక్టర్లూ ఇంజనీర్లే అనుకుంటారు ఇప్పటి పిల్లలు. నాలాంటి మొద్దు కూడా వచ్చాడు. మా ఆవిడ నర్సు. ఆమె వీసా కొంగు పట్టుకుని నేనూ విమానం ఎక్కాను. అప్పటికి నాకు తెలుగు అక్షరాలే రావు, ఇక ఇంగ్లీషు సంగతి చెప్పేదేముంది (ఇప్పుడిలా రాస్తున్నానంటే, యాభై దాటాక ఆమె నా చేత పలక పట్టించిన చలవ). ఎనభైల మొదట్లో, షికాగో పక్క ఊళ్లో, ఎనిమిది నెలలు పని లేకుండా కిటికీలోంచి ముందు వీధినీ, తర్వాత మంచునీ చూశాను. మంచు అందంగా ఉంటుందనే వాళ్లు రెండు రోజులు చూసి వెళ్లిపోయినవాళ్లే. నన్ను ఎవరికి పరిచయం చేసినా "నర్సమ్మగారి హస్బెండ్" అనేవారు. నాకంటూ ఓ పేరుందని నేనే మర్చిపోతున్న సమయంలో, ఒక గోడౌన్‌లో పెట్టెలు మోసే పని కుదిరింది. షరతు ఒక్కటే. వేళ్ల మీద పెట్టె పడినా నలగకుండా ముందు ఇనుప రేకున్న బూట్లు ఉండాలి. మా ఆవిడ ఓవర్‌టైమ్ చేసి కొనిపెట్టింది. సోమవారం పనిలో చేరాలి.

ఆదివారం ఆమెకి డ్యూటీ. వీధి చివరి తెల్లవాళ్ల చర్చికి వెళ్లి ప్రార్థన చేసుకుని రమ్మంది. సోమవారం దాకా ఆగలేక ఆ బూట్లే తొడుక్కుని వెళ్లాను. మా గుంటూరు వైపు చెప్పులతో ప్రార్థన మందిరంలో అడుగుపెడితే సంఘపెద్ద చెవి మెలేస్తాడు. ఇక్కడ గడప దగ్గరే పెద్ద అట్టపెట్టె ఉంది, అందులో బూట్లు, కింద పాత కోట్లు. పైన ఏదో రాసి ఉంది (రాసి ఉన్నదానితో నాకేం పని?). మనవాళ్లు గుమ్మం ముందు కుప్ప పోస్తారు, వీళ్లు చూడు, పెట్టె పెట్టారు, ఎంత పద్ధతి, అని మెచ్చుకుని నా బూట్లు అందులో పెట్టి, మేజోళ్లతో వెనక బెంచీలో కూర్చున్నాను. మిగతావాళ్లంతా బూట్లతోనే ఉన్నారు కదా, అనుమానం రాలేదా అంటే, వచ్చింది. దొరలు కదా, దేవుడి దగ్గర చనువెక్కువ అనుకున్నాను.

ప్రార్థన అయ్యి వచ్చేసరికి పెట్టె లేదు. అది బీదవాళ్లకి పంచే పెట్టెట (తర్వాత తెలిసింది), వ్యాన్‌లో వెళ్లిపోయింది. గుమ్మంలో అందరికీ చేతులు కలుపుతున్న పూలటోపీ ముసలి దొరసానికి నా కాళ్లూ ఖాళీ చోటూ చూపించి "మై బూట్, మై బూట్" అన్నాను. బూట్లు అడుక్కోవడానికి మంచులో మేజోళ్లతో నడిచొచ్చాననుకుంది మహాతల్లి. "యూ పూర్ డియర్!" అని కళ్లొత్తుకుని, నలుగురిని పోగేసి, నా నెత్తిన చేతులు పెట్టించి ప్రార్థన చేయించి, ఎవరో భారీ మనిషి విడిచిన రబ్బరు బూట్లు తొడిగించింది. ఒక్కోదానిలో నా రెండు కాళ్లూ పడతాయి.

"ఏవయ్యా, ఇయ్యేం పడవలు?" అంది మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి.

చెప్పాను.

"ఆ పెట్టె నేనూ చూశాను, దాని మీద అంతంత అక్షరాలుంటే..." అని ఆగిపోయింది. ఆ ఆగడమే తిట్టు కన్నా లోతుగా దిగింది. కాసేపటికి, "అందరి కాళ్లకీ బూట్లుంటే నీకైనా తెలియొద్దటయ్యా?" అంది.

సోమవారం పడవలతోనే వెళ్లాను. సూపర్‌వైజర్ కర్రతో బూటు ముందు భాగం మీద కొట్టి చూశాడు. ఇనుప చప్పుడు రాలేదు. "నో స్టీల్, నో జాబ్" అన్నాడు. తర్వాత ఏమనిపించిందో, గడియారంలో పన్నెండు చూపించి, ఆలోపు సరైనవి తెచ్చుకోమన్నాడు. జేబులో బస్సు చార్జీ తప్ప పైసా లేదు, ఆవిడ ఆసుపత్రిలో ఉంది. బస్ స్టాపుకి వచ్చి చూద్దును కదా, బెంచీ మీద ఒక గడ్డం ముసలాయన, ఆయన కాళ్లకి నా బూట్లు!

ఆయన జరిగి నాకు చోటిచ్చాడు. నా పడవల్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "యూ నీడ్ గుడ్ బూట్స్, మ్యాన్. గో టు చర్చ్. దే గివ్!" అని చెయ్యెత్తి మా వీధి వైపే దారి చూపించాడు.

పదకొండు కూడా కాలేదు. ఒక్క మాట అంటే నా పని నాకుంటుంది. అనలేదు. ఇంగ్లీషు రాక ఊరుకున్నానని ఇన్నాళ్లూ ఇంట్లో చెప్పుకొచ్చాను (మా ఆవిడ ఇది చదివి ఏమంటుందో చూడాలి). అది అబద్ధం. "మై బూట్" అని ముందు రోజే అన్నాను కదా. ఆ మాట అంటే ఆయన గొడవ పెట్టుకుంటాడని కాదు, మారుమాట లేకుండా విప్పి నా చేతికిచ్చేస్తాడేమోనని భయమేసింది. "థాంక్యూ" అన్నాను. బస్సొచ్చింది, ఎక్కాను. పని పోయింది, ఇంకోటి దొరికేసరికి ఏప్రిల్ వచ్చింది.

రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ బస్సెక్కుతున్న ఆ చవట ఇప్పటికీ కళ్లకి కడతాడు. నవ్వొస్తుంది. అడగరా వెధవా, ఇంకా టైముంది, అని అరవాలనిపిస్తుంది. అరిచినా వాడు వినడు.