పరుపుబండ మీద నా బొట్టు

శంషాబాద్‌లో విమానాలు కొత్తగా దిగుతున్న ఆ రోజుల్లో అందరూ తల పైకెత్తి చూసేవాళ్ళే. నేనొక్కణ్ణే నేల చూపులు చూసేవాణ్ణి. నా మొదటి ఉద్యోగం అలాంటిది మరి. కొత్వాల్‌గూడ దగ్గర రేడియో టవరు నిలబెట్టాలి. సన్నటి స్తంభం, మూడు వైపులా ఇనుప తాళ్ళు లాగి, నేలలో దించిన కొక్కేలకు కట్టకపోతే గాలికి పడిపోతుంది. రెండు కొక్కేలు ఎర్రమట్టిలో హాయిగా దిగాయి. మూడోదానికి కొలిచినచోట పరుపుబండ! గడ్డపార వేస్తే నిప్పులు రాలాయే తప్ప పెళ్ళ లేవలేదు. (ఆ అదురుకు నా పళ్ళు మాత్రం కదిలాయి.) ఇక బండకు నాలుగు రంధ్రాలు వేసి బోల్టులు దించాల్సిందే. "ఎల్లుండికి టవరు లేవాలి. లేవకపోతే నువ్వూ లేవక్కర్లేదు బాబూ, ఇంట్లోనే పడుకో" అన్నారు మా పెద్దసారు ఫోనులో. కందుకూరులో మా బాపు అప్పటికే "మావోడు రేడియోల పెద్ద ఇంజనీరు" అని ఊరంతా చాటేశాడు. ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోను?

గుర్తు పెడదామంటే సున్నం అయిపోయింది. ఆ బండ ఉన్న చేను గల అక్కను కాస్త పసుపు, కుంకుమ అడిగాను. ఎందుకని అడగలేదామె, పసుపు కావాలంటే మా వైపు ఎవరూ కారణం అడగరు. బండ మీద గుండ్రంగా పసుపు పూసి, రంధ్రాలు పడాల్సినచోట నాలుగు కుంకుమ చుక్కలు పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోతూ వెళ్ళాను.

పొద్దున వచ్చేసరికి బండ మీద కొబ్బరిచిప్పలు, వేపమండలు, దీపం! డ్రిల్లు మిషన్ నడిపే అన్న చెప్పులు విప్పి దూరంగా నిలబడ్డాడు. "తల్లి నెత్తిమీద మిషన్ పెట్టమంటవా? పిల్లలు గలోణ్ణి, నాతోని గాదు" అన్నాడు.

దీపం సర్దుతున్న అక్క దగ్గరికి పరుగెత్తాను. "అక్కా, నువ్వన్నా చెప్పు! గది నీ పసుపే గదా, నేనే పెట్టిన."

"నువ్వే పెట్టినవ్, ఎవరు గాదన్నరు? నీతోని పెట్టిచ్చిందెవరు?"

చేతులు జోడించాను. ఏడుపొక్కటే తక్కువ. "నా నౌకరి పోతది అక్కా" అన్నాను. ఆమె నన్ను చూసింది, బండను చూసింది. "గంత పెద్ద టవర్ గాలికి పడకుంట ఎవరో ఒకరు పట్టుకోవాలె గదా. తల్లినే పట్టుకోమందం. ఇగ కాయ కొట్టు" అంది.

కొట్టాను. మిషన్‌కు కూడా బొట్టు పెడితేగానీ అన్న ముట్టుకోలేదు. సరిగ్గా నా చుక్కల మీదే బోల్టులు దిగాయి, టవరు లేచింది. పెద్దసారు వచ్చి తాడు పట్టి ఊపి చూసి "బోల్టులు బాగా పట్టాయోయ్" అన్నారు. "బోల్టులట!" అని అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మొన్న ఆరాంఘర్ మీదుగా అటు పోతూ ఆగాను. టవరు లేదు, తాళ్ళు లేవు. తుప్పుపట్టిన నాలుగు బోల్టులకూ పసుపు, తాజా కుంకుమ! అక్కడ కూర్చున్న ముసలమ్మెవరో "మొక్కుకో బిడ్డా, నౌకరీలు నిలవెట్టే తల్లి" అంది. ఆ మొదటి బొట్టు నేనే పెట్టానని చెప్పబోయాను. ఆమె ఏమంటుందో నాకు తెలుసు కదా! నవ్వుకుని చెప్పులు విప్పాను.