తలుపుకు అడ్డంగా వేసిన పైపు

చిన్నాయన పోయాడని రాయచోటి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. ఏడుస్తూనే ఒక మాట చెప్పింది. "పోయే ముందురోజు గూడా ఆక్సిజన్ గొట్టం వంకర్లు తిప్పినారని నర్సుతో కొట్లాడినాడక్కా!" అంత దుఃఖంలోనూ నాకు నవ్వాగలేదు. ఆ మనిషి అంతే.

కువైట్‌లో ఆయన అల్ రాయ్‌లోని ఒక వర్క్‌షాపులో గ్యాస్ పైపులు బిగించేవాడు. ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే వంటింట్లోకి తొంగిచూసేవాడు. నాకొచ్చిన మంచి సంబంధాన్ని కూడా అలాగే చెడగొట్టాడు. బ్నీద్ అల్ గార్‌లో ఉండే ఆ పెళ్లికొడుకు పడకగదిలోంచి గ్యాస్ పైపు పోతోందట. "గ్యాసును పక్కన బెట్టుకోని పండుకునేటోడు నిన్నేం జూసుకుంటాడు పాపా?" అన్నాడు.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడినప్పుడు నేనూ అక్కడే, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తున్నాను. మా ఊరివాళ్లు దొరికిన బస్సెక్కి వెళ్లిపోయారు. మంచం పట్టిన ఆ ఇంటి యజమానురాలి అత్తను వదలలేక నేను, నన్ను వదలలేక చిన్నాయన ఉండిపోయాం.

సైనికులు కువైటీ కుర్రాళ్లను పట్టుకుపోతున్నారు. ఇంటి యజమానురాలు, మేం మామా (అరబ్బీలో అమ్మ) అని పిలిచే ఆవిడ, ఒక్కగానొక్క కొడుకును వంటింటి వెనక సామాన్ల గదిలో దాచింది. ఆ తలుపు పక్కనే నీళ్లు కాగే బాయిలర్ ఉంది. తలుపు ఎవరూ తెరవకుండా దాని గ్యాస్ పైపు అడ్డంగా వేయమని చిన్నాయనను బతిమాలింది.

"తలుపుకడ్డం పైపా? మా మేస్త్రీ బతికుంటే చెంప పగలగొట్టేటోడు!" అన్నాడు. ఆవిడ ఏడ్చేసరికి మెత్తబడ్డాడు. అంతలోనే ఇంకో పేచీ పెట్టాడు, ఉన్న పైపు సన్నదని.

"చూపించడానికే కదా, ఏదో ఒకటి వెయ్యి. యల్లా, కానియ్యి!" అంది మామా.

"చూపులకైనా మంట రావాల గదా మామా! ఇంత దూరం, ఇన్ని మలుపులు తిరిగొచ్చే తలికి గ్యాసు గూడా అలిసిపోతాది. లావు పైపే ఎయ్యాల."

అల్ రాయ్ వెళ్లి, ప్రతి చెక్‌పోస్టులోనూ తిట్లు తింటూ, లావు పైపులు భుజాన మోసుకొచ్చాడు. చాదస్తం అని నేనూ విసుక్కున్నాను.

కొన్నాళ్లకు సైనికులు రానే వచ్చారు. ఆ తలుపు వెనక ఏముందని ఆఫీసరు అడిగాడు. "గాజ్! గాజ్! ఢామ్!" అని చిన్నాయన చేతులు ఎగరేశాడు. ఆఫీసరు నమ్మలేదు. వెలిగించమన్నాడు. బాయిలర్‌లో మంట భగ్గుమని నీలంగా లేచింది. సన్న పైపు వేసుంటే ఆ రోజే మా పని ఖలాస్.

ఆఫీసరు కుళాయి కింద చెయ్యి పెట్టాడు. ఎన్నాళ్లయిందో ఏమో వేణ్ణీళ్లు చూసి, అక్కడికక్కడే స్నానానికని బూట్లు విప్పాడు! ఆయన తర్వాత మిగతావాళ్లు. మామా వాళ్లకు తువ్వాళ్లు అందిస్తోంది. ఇంతలో లోపల కుర్రాడు తుమ్మాడు. చిన్నాయన స్పానర్‌తో పైపును టంగుమని కొట్టి, "దరిద్రపుదానా, ఊరికే మోగుతావేందే? గమ్మునుండు!" అని తెలుగులో కేకలేశాడు. లోపల ఇంకో తుమ్ము వినిపించలేదు.

తలలు దువ్వుకుని వాళ్లు వెళ్లిపోయారు. కుర్రాడు పైపు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. "పైపుకు తల తగిలించేవు, పైలం!" అన్నాడు చిన్నాయన. ఈ రోజు నేను బతికి ఇది రాస్తున్నానంటే ఆ చాదస్తం వల్లే.

మామా కొడుకును వాటేసుకుని ఏడుస్తోంది. చిన్నాయన మాకు వీపు పెట్టి, సైనికులు వదిలిన సబ్బు ముక్క అరగదీసి, ఆ నురుగు పైపు అతుకులకు పూస్తున్నాడు. ఎక్కడైనా గ్యాస్ కారి బుడగ లేస్తుందేమోనని చూస్తున్నాడట. ఒక్క బుడగా లేవలేదు. అయినా పూసిన చోటే మళ్లీ మళ్లీ పూస్తున్నాడు, నురుగంతా కారి ఆయన పాదాల మీద పడుతోంది.