కాలితో వెతికే తాంబాలం

నీళ్లలో తాంబాలం జారిపోతే మా ఆడవాళ్లు చేత్తో వెతకరు, కాలితో వెతుకుతారు. బతుకమ్మను వదిలినప్పుడు పూలు తేలి ముందుకు పోతాయి, అడుగున ఉన్న ఇత్తడి తాంబాలం బరువుకు మునిగిపోతుంది. అప్పటికి వెలుగు తగ్గుతుంటుంది. నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. వంగి చేయి పెడితే పట్టుచీర పాడవుతుంది. అందుకని కొంగు నడుముకు దోపుకొని, నిలబడ్డ చోటి నుంచే కాలివేళ్లతో అడుగును తడుముతారు. అంచు తగలగానే బొటనవేలితో కొంచెం పైకి లేపి అందుకుంటారు. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పరు. మా అమ్మ అట్లాగే వెతికేది, నేనూ అట్లాగే వెతికాను, నా కోడలూ అంతే. చెరువు అడుగు ఇంటి వాకిలిలా చదునుగా, మెల్లమెల్లగా దిగుతూ ఉంటుందన్న నమ్మకం మీద నడిచే పద్ధతి అది.

శంషాబాద్ నుంచి లోపలికి వస్తే మా ఊరు. విమానాలు చక్రాలు దించుకొని మా చెరువు మీదుగానే పోతాయి. నేను అక్కడే అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలను తూచడం, టీకాల తేదీలు గుర్తు పెట్టుకోవడం, ఎవరి బరువు ఎంత పెరగాలో ఎంత పెరిగిందో లెక్క కట్టడం నా పని. ఉద్యోగం అయిపోయినా అలవాటు పోలేదు. ఏ రోజు ఏం జరిగినా క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో ఒక ముక్క రాస్తాను. ముందటేడు ఎండాకాలం ఆ గడుల్లో రాసిందంతా మట్టి గురించే.

ఆ ఎండలకు చెరువు పూర్తిగా ఎండింది. ఎండగానే జేసీబీ దిగింది. మంఖాల్ వైపు కొత్తగా వేసిన ప్లాట్లలో పల్లం పూడ్చడానికి మట్టి కావాలట. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకే వరకు టిప్పర్లు తిరిగేవి. చెరువు నడుమ తీస్తే నేను పట్టించుకునేదాన్ని కాదు, అక్కడికి ఎట్లాగూ ఎవరూ దిగరు. కానీ బండ్లు రావడానికి పోవడానికి సులువని గట్టు పక్కనే తీయడం మొదలుపెట్టారు. బట్టలుతికే బండ ముందు, దసరా నాటికి మోకాలి లోతు నీళ్లుండే చోట, గోడ కోసినట్టు నిలువుగా కోసుకుంటూ పోయారు. మా వాడ ఆడవాళ్లు బతుకమ్మలను వదిలేది ఆ బండ ముందే.

ఇంట్లో బట్టలు ఆరేసే వెదురు కర్ర తీసుకుపోయి గుంతలో నిలబెట్టించాను. కర్ర పై కొస, గుంత అంచున నిలబడ్డ నా పాదాల కిందే ఉండిపోయింది. జేసీబీ నడిపే పిల్లవాణ్ని పిలిచాను.

"గింత నిలువుగ తీస్తే ఎట్ల బిడ్డా? జర ఏటవాలుగ తియ్యరాదు?"

"నాకు మట్టి గావాలె గని ఏటవాలు ఎందుకమ్మా. జర పక్కకు జరుగు, బండి తిరగాలె."

మా వాడలో పండుగ ఏర్పాట్లన్నీ చూసే అతని దగ్గరికి పోయాను. చిన్నప్పుడు నా తక్కెడలో కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చినవాడే. ఇప్పుడు నలుగురు కూర్చోవడానికి తన ఇంటి ముందు కుర్చీలు వేసి ఉంటాయి. బండ దగ్గర గుంతను వానలకు ముందే పూడ్పించమన్నాను.

"టీచరమ్మా, చెరువుల చుక్క నీళ్లు లెవ్వు. నీళ్లు లేని చెరువుల ఎవరన్న మునుగుతరా?" అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. "వానలు పడనియ్యి, అప్పుడు జూద్దాం."

వానలు పడ్డాయి. చెరువు నిండింది. మళ్లీ పోయాను.

"ఇగ నీళ్లొచ్చె. గుంత ఎక్కడున్నదో ఎట్ల తెలుస్తది టీచరమ్మా?"

"నాకు తెలుసు. బండ నుంచి నాలుగు అడుగులు ముందటికి పోతే గుంతే."

"నువ్వు అంగన్‌వాడీ ఇడిచిపెట్టినంక ఇరిగేషన్‌ల చేరినవా?"

వాళ్లు మళ్లీ నవ్వారు. నేను కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు. చీకటి పడుతున్నా లేవలేదు. చివరికి విసుగు పుట్టి, పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ లోపల కర్రలు పాతించి తాడు కట్టిస్తానని మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. సద్దుల ముందురోజు పోయి చూసుకున్నాను. బండ ముందు రెండు అడుగుల దూరంలో కర్రలు, నడుమెత్తున తాడు, తాడుకు ఎర్రగుడ్డ పీలికలు. దాన్ని లాగి చూశాను. గట్టిగానే ఉంది. ఆ రాత్రి నేను నిద్రపోయాను.

నా కొడుకు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. కోడలు కాటేదాన్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే చోట ప్యాకింగ్‌కు పోతుంది. వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది అప్పుడు ఏడో తరగతి, చిన్నదానికి ఐదేళ్లు. పెద్దది పుట్టినప్పుడు రెండున్నర కిలోలు కూడా లేదు. నేనే తూచాను. ప్రతి నెలా తూచి తూచి, రాగిజావ పోసి పోసి దాన్ని మనిషిని చేశాను. ఆ దసరా సెలవులకు అది నా భుజం దాటింది.

పండుగ నాడు పొద్దున్నే వాకిట్లో కూర్చొని బతుకమ్మను పేర్చాం. తంగేడు మా చుట్టుపక్కల ఎక్కడా మిగల్లేదు, కొనుక్కొచ్చిందే. గునుగుపూలకు రంగులద్దడం పెద్దదాని పని. దాని చేతులు మోచేతుల దాకా గులాబీరంగులో ఉన్నాయి.

"నానమ్మా, నువ్వు ఎండకాలం సంది గుంత గుంత అంటనే ఉన్నవ్. ఇయ్యాల్ల పాట గూడ గుంత మీదనే పాడుతవా ఏంది?"

"పాడుత. నువ్వు తాడు దాటినవనుకో, నడుమ పాట ఆపి నీ వీపు పగలగొడుత."

"దాట తియ్యి. తాడు దాట. సరేనా?"

"నా మీద ఒట్టెయ్యి."

"ఒట్లెందుకత్తమ్మా పండుగ పూట," అంది కోడలు. "దానికేమన్న తెల్వదా? నేనుంట గదా పక్కకు."

సాయంత్రానికి గట్టు మీద కాలు పెట్టే సందు లేదు. బాక్సుల్లో పాటలు ఎంత గట్టిగా పెట్టారంటే గుండెలో దడదడమంటోంది. మా ఆట మధ్యలో, పండుగకు పిలిచిన అతిథులు కార్లు దిగారు. వాళ్లతో వచ్చిన ఆడవాళ్లకు కూడా బతుకమ్మలను తెచ్చి ఇచ్చారు. వాళ్లు నీళ్లలో వదులుతుంటే ఫొటోలు తీయాలి. తాడు అడ్డం వస్తోంది. ఎవరో ఒక పక్క ముడి విప్పారు. రెండో పక్క కర్రే పీకి పక్కన పెట్టారు. అతిథులు బండ మీదే నిలబడి, వంగి పూలు వదిలి, నవ్వి వెళ్లిపోయారు. వాళ్లెవరూ నీళ్లలో అడుగు పెట్టలేదు. వాళ్లు పోగానే, అప్పటిదాకా ఆగిన మా వాడ ఆడవాళ్లంతా ఒక్కసారిగా దిగారు.

నేను చిన్నదాన్ని చంకనెత్తుకొని గట్టు మీద, జనం వెనుక ఉన్నాను. తాడు విప్పిన సంగతి నాకు అప్పుడు కనిపించలేదు. ముందున్న తలలే కనిపించాయి. తర్వాత కోడలు చెప్పింది, పక్కనున్న ఆడవాళ్లు చెప్పారు. అందరి మాటలూ ఒక్కటే.

తల్లీబిడ్డలిద్దరూ తాంబాలాన్ని చెరో పక్కన పట్టుకొని దిగారు. మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాక నీళ్ల మీద ఉంచి ఒంచారు. బతుకమ్మ చక్కగా తేలి పోయింది. తాంబాలం జారింది. "ఉండు, దొరుకుతది," అని కోడలు కొంగు దోపుకొని కాలితో తడమడం మొదలుపెట్టింది. పెద్దది కూడా లంగా ఎత్తిపట్టుకొని వెతికింది.

"నా కాలికి తగిలిందమ్మా," అంది. "జారుతున్నదే ఇది."

జారిన తాంబాలం వెంట ఇంకో అడుగు వేసింది.

నీళ్లు చిమ్మలేదు. కేక లేదు. పైన విమానం పోతోంది, కింద పాటలు. పిల్ల తాంబాలం అందుకోవడానికి వంగిందనుకుంది కోడలు. లేస్తుందని చూస్తూ నిలబడింది. పక్కనున్న ఆమెతో, "నా బిడ్డకే దొరికింది," అని కూడా అందట. ఈ మాట కోడలు నాకు ఒక్కసారే చెప్పింది. నేను మళ్లీ అడగలేదు.

వాడ కుర్రాళ్లు దూకి వెతికి తీశారు. హైవే మీద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ కాగితం రాసే అమ్మాయి పుట్టిన తేదీ అడిగింది. నేనే చెప్పాను. వారం కూడా చెప్పాను. ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది. డాక్టరు బయటికి వచ్చి నా కొడుకును పక్కకు పిలిచాడు. వాడు ఇంకా డ్యూటీ చొక్కాలోనే ఉన్నాడు.

దాటనన్న తాడును అది దాటలేదు. దాటడానికి అక్కడ తాడు లేదు.

తర్వాత చాలామంది వచ్చారు. గంగమ్మ తీసుకుపోయిందన్నారు కొందరు. రాత అన్నారు. పండుగ నాడు పోయింది కాబట్టి పుణ్యలోకానికి పోతుందని ఒకామె కోడలి చెయ్యి పట్టుకొని చెప్పింది. ఏర్పాట్లు చూసే అతనూ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"తాడు నేను కట్టిచ్చిన టీచరమ్మా. నువ్వు జూసినవ్ గదా. నేను కట్టిచ్చిన."

"కట్టిచ్చినవ్ బిడ్డా."

"ఎవరు ఇప్పిన్రో నాకు తెల్వదు."

ఎవరు విప్పారో నిజంగానే ఎవరికీ తెలియదు. అడిగి చూశాను. వాకిలి వాకిలికీ పోయి అడిగాను. ఒకరు మరొకరి పేరు చెప్పారు, ఆ మరొకరు ఆ పూట ఊళ్లోనే లేనన్నారు. నాలుగైదు వాకిళ్లు తిరిగాక నా కొడుకు వచ్చి చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకొచ్చాడు. "దొరికితే ఏం జేస్తవ్ అమ్మా?" అన్నాడు. మంచి మనిషే విప్పి ఉంటాడు. వచ్చినవాళ్లకు అడ్డం కాకూడదని విప్పి ఉంటాడు. వాళ్లు పోయాక మళ్లీ కట్టాలని అతనికి తట్టలేదు, ఇంకెవరికీ తట్టలేదు.

ఆ తర్వాత చెరువు దగ్గర లోతు ఎక్కువని ఒక బోర్డు పాతారు. నిరుడు ఎండాకాలం మళ్లీ టిప్పర్లు వచ్చాయి. బోర్డు దారికి అడ్డమని పీకి గట్టు వారగా ఆనించారు. ఈసారి ఇంకో పక్క తవ్వారు. నేను పోయి ఎవరినీ ఏమీ అడగలేదు. కర్ర పెట్టి కొలవలేదు. బండ ముందు చోటు తప్ప మిగతా చెరువంతా మంచిదేనని ఒకప్పుడు చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు ఏ పక్క దిగవచ్చో నాకు తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు. అయినా నిరుడు సద్దులకు ఆడవాళ్లు దిగారు. మాకు పండుగ లేదు కాబట్టి నేను పోలేదు కానీ, పక్కింటామె తడిసిన చీరతో వస్తూ కనిపించింది. చేతిలో తాంబాలం ఉంది.

"దొరికిందా?" అన్నాను.

"దొరకకేం పెద్దమ్మా, కాలికి తగలనే తగిలె," అని చెప్పి, ఎవరితో మాట్లాడుతోందో అప్పుడు గుర్తొచ్చి, తల వంచుకొని పోయింది.

ఈ ఏడు చిన్నదానికి ఏడేళ్లు. బడిలో అందరూ బతుకమ్మ ఆడారు. సెలవులిచ్చిన రోజు నుంచి తనకూ కావాలని మొదలుపెట్టింది. చెరువుకు పంపనని నేను చెప్పాను. అయితే యాడ వదులుతం అని అది ఏడ్చింది. నా కొడుకు పోయి ఒక నీలంరంగు ప్లాస్టిక్ టబ్బు కొనుక్కొచ్చి వాకిట్లో పెట్టాడు.

జానెడు నీళ్లు పోశాను. చిన్న స్టీలు పళ్లెంలో, అరచేయంత బతుకమ్మను చిన్నదే పేర్చుకుంది. గునుగుకు రంగు అద్దుతానంటే కోడలు వద్దంది. తెల్లవే పెట్టింది. మేం ముగ్గురం దాని చుట్టూ తిరిగాం. చెరువు వైపు నుంచి పాటలు వినిపిస్తున్నాయి. తర్వాత చిన్నది పూలను పళ్లెంలోంచి నీళ్లలోకి జార్చింది. జానెడు నీళ్లకు కూడా కోడలు దాని లంగా అంచును వదల్లేదు.

బతుకమ్మ తేలింది. టబ్బు అంచుకు తగిలి ఆగింది. చిన్నది వేలితో నెట్టింది. అది అటు పోయి, అటు అంచుకు తగిలి, మళ్లీ వచ్చింది.

"ఇది పోతలేదు నానమ్మా."

నా కొడుకు లేచి వీధిలోకి పోయాడు.

"ఎటు పోతలేదు," అంది అది మళ్లీ.

కోడలు టబ్బు పక్కన కూర్చొని, చెయ్యి నీళ్లలో పెట్టి మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. నీళ్లు కదిలాయి. పూలు గుండ్రంగా తిరిగాయి. "పోతున్నది, పోతున్నది," అని చిన్నది చప్పట్లు కొట్టింది. కోడలి చేయి ఆగితే పూలు ఆగిపోతున్నాయి. ఆమె చేయి ఆపలేదు.