బల్ల చరిచిన చేయి

మా మున్సిపాలిటీలో ఒక ఆచారం ఉంది. గుమాస్తా అజెండాలోని అంశం చదువుతాడు, ఛైర్మన్ తలెత్తి మా వైపు చూస్తాడు, కౌన్సిలర్లమంతా అరచేతులతో బల్లలు చరుస్తాం. అంతే, తీర్మానం అయిపోయినట్టే. ఇంటి పన్నైనా, దుకాణం లైసెన్సు ఫీజైనా, మేడ కట్టుకోవడానికిచ్చే అనుమతి ఫీజైనా ఆ బల్లల మీదుగానే జనం నెత్తి మీదికి పోతుంది. మొదటి సమావేశంలో నాకు నవ్వొచ్చింది. కొన్నాళ్ళకు నా చేయి నన్ను అడగకుండానే లేవడం నేర్చుకుంది.

కడపకు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగిరాగల నేత ఊరు మాది. మా వార్డు ఆడవాళ్ళకు కేటాయించారు కాబట్టి నేను నిలబడ్డాను. నోరున్న మనిషినని ఓట్లేశారు. కొందరు మహిళా కౌన్సిలర్ల తరఫున వాళ్ళ భర్తలు వచ్చి మాట్లాడుతుంటే నేను మూతి తిప్పేదాన్ని. నా మాట నేనే మాట్లాడతానని గొప్ప.

మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, మా వీధిలోనే ఉంటుంది. చిన్నాయన పోయాక ఒక్కతే. ఆమె ముందరి గదిలో సగం మగ్గమే. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు దించి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ నేసే గుంత మగ్గం. పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆమె పగలు సగం నేల పైన, సగం నేల కింద గడిచింది.

ఆ రోజు నేను సమావేశానికి బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర ఆపింది.

"మే, ఇండ్లల్లో యాపారం చేసేవాళ్ళకు పన్ను పెంచుతాండారంట గదా. మగ్గం ఉండే ఇంటిని ఏం చేస్తారో ఒక్క మాట అడుగు. మర్సిపోవద్దు."

"అడుగుతాలే చిన్నమ్మా. అడగడానికే గదా నన్ను పంపింది."

సమావేశం మురికి కాలువల గొడవతో సాగి సాగి మధ్యాహ్నం దాటింది. వెనక గదిలోంచి బిరియాని వాసన వస్తోంది. ఏ పని సాగే ఇల్లైనా సరే, ఇకపై దుకాణంతో సమానంగా పన్ను కట్టాలన్న అంశాన్ని గుమాస్తా గబగబా చదివేశాడు. ట్యూషన్లు, హాస్టళ్ళు, బ్యూటీ పార్లర్లు నడిపేవాళ్ళ కోసమట. ఛైర్మన్ తలెత్తాడు. నా ప్రశ్న నాలుక చివరే ఉంది. ఇంతలో పక్కాయన బల్ల చరిచాడు, వెనకవాళ్ళు చరిచారు, గుంపులో గోవిందా అన్నట్టు నేనూ చరిచాను. తేరుకునేసరికి గుమాస్తా తర్వాతి అంశంలో ఉన్నాడు.

అప్పుడైనా లేచి నిలబడవచ్చు. ఆగండి, ఒక మాట అంటే నన్నెవరూ కొట్టరు. కానీ బల్ల చరిచి మళ్ళీ ప్రశ్న అడిగితే నవ్వుతారని భయపడ్డాను. నవ్వడమంటే నాకిష్టం, నవ్వులపాలవడం కాదు. బిరియాని తిన్నాను. పెరుగు పచ్చడి రెండోసారి వేయించుకున్నాను కూడా.

సాయంత్రం చిన్నమ్మ గుమ్మంలోనే ఉంది.

"అడిగినావా?"

"వాళ్ళు ఇనే రకమా చిన్నమ్మా" అన్నాను.

అడిగానని చెప్పలేదు. అడగలేదనీ చెప్పలేదు. ఆమె నా మొహం చూసి, పోనీలే, నువ్వేం చేస్తావు అంది. మరునాటి నుంచి వీధిలో ఎవరు నా మీద నోరు చేసుకున్నా ఆమే అడ్డం పడింది. "మా అమ్మి అడిగింది. వాళ్ళే ఇన్లేదు." ఆ మాట విన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేదాన్ని.

తర్వాత మున్సిపాలిటీవాళ్ళు ఇల్లిల్లూ చూడడం మొదలుపెట్టారు. వాళ్ళు వీధి మొదట్లో కనబడగానే మగ్గాలన్నీ ఆగిపోయేవి. ఆపితే మాత్రం ముందరి గదిలో మగ్గం దాగుతుందా? ఆ కొత్త పన్ను చీర మీద వచ్చే కూలికి అందేది కాదు. వాళ్ళు తన ఇంటి దాకా రాకముందే చిన్నమ్మ మగ్గం విప్పించి, గుంతలో ఎర్రమట్టి పోయించి, గట్టిగా దిమ్మిస కొట్టించింది. నేను వెళ్ళేసరికి పైన అలికి ముగ్గేసి, చాప పరిచి ఉంది.

"ఈడ కూర్చో మే. ఇప్పుడు జాగా శానా ఉండాది."

ఆ మట్టి మీదే కూర్చున్నాను. కింద ఇంకా పచ్చిగా ఉందేమో, చాపలోంచి చల్లగా తగిలింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

కొన్ని నెలలు ఆ సిగ్గుతోనే తిరిగి, చివరికి ఒక సమావేశంలో లేచి మగ్గాల సంగతి అడిగాను. ఛైర్మన్ ఆశ్చర్యపోయాడు.

"మగ్గాలకు వేయమని ఎవరు చెప్పినారమ్మా? ఆ పొద్దే ఒక మాట అనుంటే అయిపోయేది గదా."

గుంత మగ్గం ఉన్న ఇళ్ళకు కొత్త పన్ను లేదని అక్కడికక్కడే తీర్మానించారు. అందరూ నా వైపు చూసి నవ్వుతూ బల్లలు చరిచారు. నా చేయి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

నేరుగా చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. పన్ను పోయిందని చెప్పి, గుంత మళ్ళీ తవ్విస్తానన్నాను. ఆమె మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి కాఫీ కలిపింది.

"వద్దులే మే. దినామూ దిగుతాంటే దిగేటివి ఈ కాళ్ళు. నిలిపినాక బిగుసుకుపాయ. ఇంగ దిగవు."

ఆమె గ్లాసు నా చేతికిచ్చి, నా భుజం తట్టింది.

"అయినా చూసినావా, రెండోసారి అడిగితే ఇన్నారు. అడగాల మే. ఒకసారి ఇన్లేదని ఇడిసిపెట్టకూడదు."

నేను అడిగింది ఒక్కసారే. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో చక్కెర సరిపోయిందా అని అడిగింది చిన్నమ్మ. సరిపోయిందన్నాను.