మినప్పప్పు డబ్బాలో కారు పిడి

ఆ కాలంలో మద్రాసులో మా కోడంబాక్కంలో ఎవరి పొయ్యి వెలిగినా దానికి సినిమాతో ఏదో ఒక బంధం ఉండేది. ఒకరు విగ్గులు దువ్వేవాళ్లు, ఒకరు లైట్లు మోసేవాళ్లు, మా వీధి చివరాయన పావురాళ్లను అద్దెకిచ్చేవాడు. మా ఇంటికి అన్నం పెట్టింది ఒక ఎర్ర కారు. రెండే సీట్లు, రెండే తలుపులు, కూర్చుంటే నేలమీద చతికిలబడినట్టే ఉండేది. ఎవరో దొర వదిలేసిపోయిన స్పోర్ట్స్ కారు అది. మా ఆయన దాన్ని పాత ఇనుములోంచి తెచ్చి, రెండేళ్లు ఒళ్లు వంచి బాగుచేసి షూటింగులకు తిప్పేవాడు. హీరో దాంట్లోంచి దిగితే డబ్బున్న ఇంటి బిడ్డ అని చూసేవాళ్లకు తెలియాలి, అంతే దాని పని. (ఆ డబ్బున్న కారు సగం రోజులు తోసుకుంటేగాని ఇల్లు చేరేది కాదు, అది వేరే సంగతి.) నేను ఐదో క్లాసుతో బడి మానినదాన్ని. కారు గురించి నాకు తెలిసిందల్లా, దాని తిండి నా తిండికంటే ఎక్కువని.

డ్రైవరు పక్క తలుపుకు బయటి పిడి ఒకటి ఉండేది, పైకి ఎత్తి లాగేది. అది మెడ దగ్గర చీలింది. కొత్తది వేయిస్తానని మా ఆయన అన్నాడు. "చీలింది, విరగలేదు గదా, తీగ చుట్టుకో" అన్నాను నేను. అనడమే కాదు, ఊయల కట్టగా మిగిలిన తీగ తెచ్చి నేనే చుట్టినాను. నెల గడిచింది. ఆయనకు జ్వరం వచ్చింది. మూడో రోజు మాట తడబడుతుంటే ఆసుపత్రికి తీసుకుపోదామని పక్కింటి డ్రైవరును పిలిచి, పట్టుకుని కారు దాకా నడిపించినాము. అలవాటు కొద్దీ ఆయనే చెయ్యి పెట్టి లాగినాడు. పిడి మెడ దగ్గర విరిగి చేతిలోకి వచ్చేసింది. మా షెడ్డు ఇరుకు, రెండో తలుపు గోడకు దగ్గరై తెరుచుకునేది కాదు. అద్దాలు వానకని నేనే బిగించి పెట్టినాను. కారు తెరిచే దారి లేక ఆటోకు పోతే, అది దొరకడానికి అరగంట పట్టింది. ఆయన ఆ ముక్కను వాళ్లమ్మ చేతిలో పెట్టి, "జాగర్త పెట్టుమ్మా, వచ్చి అతికించుకుంటా" అన్నాడు. రాలేదు. ఆ అరగంట ముందు వచ్చినా మారేదేమీ లేదని డాక్టరు చెప్పినాడు. మా అత్త ఆ మాట చెవిన వేసుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ వేసుకోలేదు.

ఆ రోజు నుంచి మా అత్త నాతో మాట్లాడడం మానేసింది. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఏడాది పిల్ల, మధ్యలో మాట లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే చాటతో చెప్పేది, గోడతో చెప్పేది. "కొందరికి ఉప్పు ఎంత వెయ్యాలో ఇంకా తెలియలేదు" అని రోలుకు చెప్పేది. రోలు పక్కన నేను ఉండేదాన్ని.

నాలుగు నెలలకు సినిమా కంపెనీ మేనేజరు వచ్చినాడు. అప్పటిదాకా పక్కింటి డ్రైవరు కిటికీలోంచి చెయ్యి పెట్టి తలుపు తెరుచుకుని బండి తిప్పుతుండేవాడు. "ఈసారి అట్ల కుదరదమ్మా, హీరో బయటినుంచి తలుపు తెరిచి ఎక్కాల. శుక్రవారానికి పిడి ఉంటే మీ కారు, లేకుంటే ఇంకో కారు" అన్నాడు. ఇంకో కారు వచ్చిందంటే మళ్లీ మా గుమ్మం తొక్కరు, మా పొయ్యి ఆరినట్టే. పుదుపేట పాత సామాన్ల అంగడికి పోయి, దాదాపు అదే పోలికలో ఉండే పిడి ఒకటి వెతికి తెచ్చినాను. మా అత్త దాన్ని చూసి, చాటతో కూడా ఏమీ అనలేదు. దానికే నాకు భయమేసింది.

పిడి మార్చడానికి మెకానిక్కును పిలవచ్చు. రెండు నట్లు విప్పడానికి మనిషెందుకని నేనే దిగినాను. ఆ నట్లు తలుపు కడుపులో ఉంటాయి. అందుకోవాలంటే అద్దం పూర్తిగా పైకి ఎత్తాల, లోపలి పిడి విప్పాల, అద్దం తిప్పే మర విప్పాల, అట్ట ఊడదీయాల. ఇవన్నీ మా ఆయన చేస్తుంటే దూరంనుంచి చూసినవే కాబట్టి వరసగా చేసినాను, నాకే గొప్పగా అనిపించింది. ఇక నట్లు అందుతాయా లేదా చూద్దామని, ఇరుకులో మోచెయ్యి తిరగక, సీట్లో కూర్చునే తలుపు నా వైపుకు లాక్కున్నాను. టక్కుమని పడింది. లోపలి పిడి నా ఒళ్లో ఉంది, దాని స్క్రూలు బయట నేలమీద. బయటి పిడి ఎప్పుడో లేదు. రెండో పక్క అద్దం దించుకుంటే జానెడు దూరంలో గోడ, గోడమీద బల్లి.

పదిగంటల ఎండ, పైన రేకు. కొంచెంసేపు తలుపు గుద్దినాను. మా అత్త షెడ్డు ఎదురుగా గడపమీద కూర్చుని చాటలో మినప్పప్పు చెరుగుతా ఉండాది.

"అత్తా, ఒకసారి ఇట్ల రాండి."

"వింటివా చాటా, కారు మాట్లాడతా ఉండాది."

"తలుపు పడిపోయిందత్తా. లోపలి పిడి నేనే విప్పేసినా."

"బయటా లేదు, లోపలా లేదు. మనిషి ఒక్కటే మిగిలింది."

"ఊపిరాడతా లేదు."

"నా కొడుక్కీ ఆడలేదు" అంది, చాట వైపే చూసుకుంటా.

చెమట కళ్లలోకి దిగుతుంటే, గోడమీది బల్లి నన్ను, నేను దాన్ని చూసుకుంటా ఎంతసేపు గడిచిందో తెలియదు. ఇంతలో ఊయలలో పిల్ల లేచి ఏడ్చింది. మా అత్త ఊయల వైపు చూసింది, కారు వైపు చూసింది, చాట పక్కన పెట్టి లేచింది. పిల్లను ఎత్తి చంకన వేసుకుని అద్దం దగ్గరికి వచ్చి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడింది.

"అరగంట ఎంతసేపో తెలిసిందా?"

"తెలిసిందత్తా."

"ఆ పుదుపేటది నా కొడుకు కారుకు పెట్టనని చెప్పు."

"పెట్టను."

"అయితే మోకాలి కాడ చూడు. సన్న కడ్డీ ఉండాదా? వెనక్కి లాగు."

లాగితే తలుపు తెరుచుకుంది. ఆ కడ్డీ అరగంటగా నా మోకాలిని గీరుతూనే ఉంది. ఇదొకటి అడ్డమని రెండుసార్లు దాన్ని పక్కకు నెట్టినాను కూడా.

"వాడి పక్కన కూర్చుని ఎన్నేళ్లు స్పానర్లు అందించినానో" అంది మా అత్త. "నీ మాదిరి చుమ్మా, ఊరికే చుట్టు తిరగలేదు." పిల్లను నాకు ఇచ్చి, లోపలికి పోయి, మినప్పప్పు డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆ విరిగిన ముక్కను తీసింది. తలుపులో మిగిలిన ముక్కనూ విప్పి, ఆమె ఇత్తడి గరిటె కాడనే కోసి, పాత్రలకు మాట్లు వేసే ఆయన దగ్గర విరిగిన రెండు ముక్కల అడుగున పట్టీగా పెట్టి రివెట్లు కొట్టించినాము, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు. దారి పొడుగునా ఆ ముక్కను నన్ను పట్టుకోనీలేదు. నట్లు బిగించేటప్పుడు మాత్రం స్పానరు నాకు అందించింది.

శుక్రవారం షూటింగుకు ఇద్దరమూ పోయి నిలబడినాము. కెమెరా రెండో పక్క పెట్టినారు. హీరో రెండో తలుపు తెరిచి ఎక్కినాడు. మా పిడి ఆ సినిమాలో యాడా కనపడదు. ఇంటికొచ్చే దావలో మా అత్త, "కూటికి కారు నిలిచింది, సరి" అంది. నాతోనే అంది.

ఇప్పుడు ఆ కారును అడిగేవాళ్లు లేరు. మా అత్తా లేదు. మొన్న నా మనవడు, ఆ ఊయలలో ఏడ్చిన పిల్ల కొడుకు, కారుకు రంగు వేయిస్తానని ఫోన్లో కొత్త పిడి తెప్పించినాడు. "ఏంది అవ్వా ఈ ఇత్తడి పట్టీ, అసింగంగా, చూడ్డానికే బాగలేదు" అన్నాడు. మార్చుకోమన్నాను. నేను ఇంత సులభంగా ఒప్పుకుంటానని వాడు అనుకోలేదు, ఒంట్లో బాగాలేదా అని అడిగినాడు. వాడు పని చేసినంతసేపూ తలుపుకు కుర్చీ అడ్డం వేసుకుని నేనే కూర్చున్నాను.

మర్నాడు నా కూతురు ఇడ్లీకి నానబెట్టడానికి మినప్పప్పు డబ్బాలో గ్లాసు ముంచితే టంగుమంది. "ఏందమ్మా ఇది, పప్పులో ఇనుము?" అని అడిగింది. నేను గ్రైండరు వైపు తిరిగి, "కొందరు అడక్కుండా మూత పెట్టేస్తే బాగుంటుంది" అన్నాను. అన్నాక ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టినాను. నవ్వు వచ్చింది. గ్రైండరు ఏమీ అనలేదు, నా కూతురు మూత పెట్టేసింది.