నట్టు మీది గోళ్లరంగు

మా షెడ్ల వరుసలో ఒక ఫిట్టరుని అందరూ రివర్సు అంటారు. టైర్లవాడంటాడు, వెల్డరంటాడు, సీటు కవర్లు కుట్టే ముసలాయన అంటాడు. షెడ్డు యజమాని స్వయానా అతని బావమరిది, అంటే పెళ్లాం తమ్ముడు. మర్యాద తెలిసినవాడు కనుక ఆయన మాత్రం "రివర్సు బావా" అంటాడు.

ఆ షెడ్డులో జరిగేది సరదా జీపుల పని. బురదల్లో, గుట్టల మీద తిరగడమే సంతోషమైన వాళ్లు తమ బళ్లు తెచ్చి, పెద్ద టైర్లు, బలమైన బంపర్లు, ఆ బంపర్లలో వించ్‌లు పెట్టించుకుంటారు. బండి బురదలో దిగబడితే వించ్ తాడు లాగి ఏ చెట్టుకో కట్టి బొత్తాం నొక్కుతారు. డ్రమ్ము తాడును చుట్టుకుంటూ బండిని బయటికి లాగుతుంది. తాడు డ్రమ్ము అడుగునుంచి రావాలి. పైనుంచి వచ్చేలా చుడితే లోపలి బ్రేకు పట్టదు. చాలా ఏళ్ల కిందట మనవాడు ఒక్కసారి పైనుంచి చుట్టాడు. ఆ జీపు షెడ్డు పక్క గట్టెక్కుతూ సగంలో ఆగి, వెనక్కి జారి, షెడ్డు బోర్డునే గుద్దింది. బోర్డు వంకర తీయించడానికి బావమరిది ఒప్పుకోలేదు.

"ఉండనీ బావా, నీ శిలాశాసనం," అన్నాడు.

తప్పు ఒక్కసారి చేస్తే పేరు నిలబడుతుంది. ఒప్పు ఎన్నిసార్లు చేసినా జీతంలో కలిసిపోతుంది. ఆ తర్వాత అతని చేతిలో ఒక్క వించ్ కూడా తప్పుగా తిరగలేదు. భయం అతనికి మంచి అలవాటు నేర్పింది. నట్టు బిగించాక, నట్టు మీదినుంచి పక్క రేకు మీదికి ఒక సన్నటి గీత గీస్తాడు. నట్టు ఏ కాస్త కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. దీనికి పెళ్లాం గోళ్లరంగు వాడతాడు. నూనె తగిలినా చెరగని రంగు అదొక్కటేనంటాడు. రెండో గోళ్లరంగు సీసా ఆ షెడ్డులో గానీ ఇంట్లో గానీ లేదు. పని కాగానే సీసా ఇల్లాలి చేతిబ్యాగులోకి వెళ్లిపోవాలి, లేకపోతే ఆవిడ ఊరుకోదు.

ఇలా ఉండగా అతని కూతురికి పెళ్లయింది. అల్లుడు జీపుల పిచ్చివాడు. పెళ్లయిన కొత్తలోనే, "వించ్ మాత్రం మామయ్యగారి చేత్తోనే పెట్టించుకుంటా" అని కబురు చేశాడు. రివర్సుకి ఆ మాట తేనెలా దిగింది, వెంటనే గొంతుకి అడ్డం పడింది. అల్లుడు షెడ్డుకొస్తే పేరు వినబడుతుంది కదా.

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర బావమరిదిని ఒంటరిగా పట్టుకున్నాడు.

"ఒక్కటడుగుతా, నవ్వకు."

"నవ్వను బావా. అడుగు."

"అల్లుడు ఉన్నంతసేపూ ఆ పేరు తియ్యొద్దు. నువ్వు తియ్యకపోతే మిగతావాళ్లూ తియ్యరు."

"ఏ పేరు?"

"నీకు తెలీదా?"

"నీ నోటితో చెప్పు, మర్చిపోయా."

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "రివర్సు" అన్నాడు. తన పేరు తాను చెప్పుకోవడం అదే మొదటిసారి.

బావమరిది చెయ్యి చాపాడు. "ఒట్టు. నా నోటితో అనను. ఈ షెడ్డులో ఎవడి నోటితోనూ అననివ్వను. సరేనా?"

ఒట్టు వేసేటప్పుడు మనుషులు ఎంత జాగ్రత్తగా మాటలు ఎంచుకుంటారో అతనికి తట్టలేదు.

జీపు వచ్చింది. కొత్త బంపర్‌లో వించ్ కూర్చోబెడితే, తాడు చేత్తో లాగడానికి డ్రమ్మును వదులు చేసే క్లచ్ పిడి అడుగుకి, రేకు వెనక్కి పోతోంది. చెయ్యి పెట్టి తిప్పే దారి లేదు. పిడి కోసం బంపర్ పైభాగంలో వదిలిన కంత మాత్రం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

"ఇది సరిపడదు, బంపర్ కోసేద్దాం," అన్నాడు వెల్డరు. అతనికి ఏది చూసినా కొయ్యాలనిపిస్తుంది.

"కొయ్యక్కర్లేదు. తల తిప్పితే చాలు."

గేర్లున్న పెట్టె చుట్టూ స్క్రూలు విప్పాడు. పెట్టెను పూర్తిగా లాగితే లోపలి గేర్లు గ్రీజుతో సహా ఒళ్లో పడతాయి. అందుకని నిద్రపోతున్న పసిపిల్ల తల పక్కకి తిప్పినట్టు, ఒక్కో స్క్రూ కంత చొప్పున మెల్లగా తిప్పాడు. పిడి పైకి వచ్చి బంపర్ కంతలో సరిగ్గా కూర్చుంది. తాడు డ్రమ్ము అడుగునుంచి తీసి, బండి బ్రేకు కాస్త పట్టించి, వరస మీద వరస బిగువుగా చుట్టాడు. మోటారుకి రెండు వైర్లు కలిపాడు. బొత్తాం నొక్కి లోపలికి లాగించాడు, బయటికి వదిలించాడు, మళ్లీ లాగించాడు. అప్పుడు ప్రతి నట్టు మీదా ఎర్రగీత గీసి, భోజనం తెచ్చిన భార్య చేతికి సీసా ఇచ్చేశాడు.

"అల్లుడొస్తున్నాడని కాస్త బిగుసుకుపోతున్నారేం?" అంది ఆవిడ.

"నేనా?"

"కాదు, ఆ బోర్డు."

అతను చొక్కా మార్చుకోవడానికి ఇంటికి వెళ్లాడు. కొత్త ప్యాంటు కూడా వేసుకున్నాడు. తిరిగొచ్చేసరికి కూతురూ అల్లుడూ వచ్చి ఉన్నారు. పక్క షెడ్లవాళ్లంతా ఏదో పని ఉన్నట్టు అక్కడే తిరుగుతున్నారు. ఒక్కరూ ఆ పేరు ఎత్తలేదు. అందరూ "ఫిట్టరుగారూ" అంటున్నారు. ఇంత మర్యాద ఒకేసారి వచ్చినప్పుడు మనిషి అనుమానించాలి. అతను ఆనందించాడు.

షెడ్డు పక్క మట్టిగట్టు వాలులో జీపు నిలబెట్టి, తాడు పైనున్న ఇనుప స్తంభానికి తగిలించారు. గట్టు అడుగున బళ్లు కడిగిన నీళ్లు నిలిచే మడుగు ఉంది. అల్లుడు స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు.

"బ్రేకు వదలండి అల్లుడుగారూ. మీరేం చెయ్యక్కర్లేదు, అదే లాక్కుపోతుంది పైకి," అని, అందరూ చూసేలా రిమోట్ ఎత్తి బొత్తాం నొక్కాడు.

జీపు మర్యాదగా వెనక్కి బయల్దేరింది.

వేలు తీసేస్తే ఆగేది. అతను తియ్యలేదు. గట్టిగా నొక్కితే యంత్రం తన తప్పు తెలుసుకుంటుందన్నట్టు ఇంకా నొక్కాడు. తాడు పొడుగవుతోంది, జీపు దిగుతోంది, అల్లుడు కిటికీలోంచి తల బయటపెట్టి, "మామయ్యా, పైకన్నారు కదా," అంటున్నాడు. వెనక చక్రాలు మడుగులోకి దిగి, నల్లటి నీళ్లు తలుపు సందులోంచి అల్లుడి కొత్త బూట్లలోకి పోయాక గానీ అతని వేలు లేవలేదు.

ముందు వెల్డరు నవ్వాడు. తర్వాత వరుసంతా నవ్వింది. టైర్లవాడు ట్యూబు మీద కూర్చుని నవ్వాడు. కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది, భుజాలు మాత్రం దాగలేదు.

"నేననలేదు బావా," అన్నాడు బావమరిది కళ్లు తుడుచుకుంటూ. "ఒట్టు నిలబెట్టుకున్నా. బండే అంది."

"ఏమంది?" అన్నాడు అల్లుడు బూటు వంచి నీళ్లు పారబోస్తూ. అడిగాక చెప్పకపోతే మర్యాద కాదు కదా. బోర్డు వంకర చూపించి, మొదటినుంచీ, ఒక్క ముక్క వదలకుండా చెప్పారు.

మనవాడు ఆ కథ వినలేదు. బంపర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని మోటారు వైర్లు చూస్తున్నాడు. వైర్లు తారుమారై ఉన్నాయి, అందుకే మోటారు ఎదురు తిరిగింది. తాను అలా పెట్టలేదని అతనికి తెలుసు. అయినా ముందు తన మీదే అనుమానం వచ్చింది. ఇన్నేళ్లుగా పిలిపించుకున్న పేరు మనిషి లోపల కూడా కాపురం పెడుతుంది. నట్ల మీద గీతలు చూశాడు. విరగలేదు, చక్కగా ఉన్నాయి. అయితే తప్పు తనదే. అలా అనుకుంటూ వేలు పెట్టి తుడిచాడు.

మిగతా నట్ల మీద రంగు గట్టిగా ఎండిపోయి ఉంది. వైర్లు బిగించిన ఆ రెండు నట్ల మీదిది వేలికి అంటుకుంది.

విప్పినవాడు బావమరిదే అయి ఉంటాడు, అది అతనికి పెద్ద వార్త కాదు. కానీ గీత కొత్తగా గీసిందెవరు? అతను తల తిప్పి చూశాడు. భార్య నవ్వుతోంది. అతని చూపు తగలగానే చేతిబ్యాగు ఈ భుజం మీదినుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"ఏమైంది మామయ్యా, ఎవరైనా వైర్లు మార్చేశారా ఏంటి?" అన్నాడు అల్లుడు, కథ విన్న సరదాలో.

నవ్వు కాస్త ఆగింది. బావమరిది మొహం కూడా ఒక్క క్షణం ఆగింది.

అతను వేలి రంగు కొత్త ప్యాంటుకి తుడుచుకుని లేచాడు. "ఎవరు మారుస్తారండీ. నాదే పొరపాటు. చూసుకోలేదు."

వైర్లు సరిచేశాక జీపు బుద్ధిగా పైకెక్కింది. అప్పటికి చూసేవాళ్లెవరూ లేరు.

సాయంత్రం భార్య ఆ ప్యాంటు తీసుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. సబ్బు ముట్టుకోలేదు. నేరుగా గోళ్లరంగు తీసే మందు దూదికి అద్ది మరక రుద్దసాగింది. అది దేని మరకో అడగనే లేదు.

అతను గుమ్మంలో నిలబడి చూశాడు. "సీసా మూత సరిగ్గా పెట్టావా? ఎండిపోతుంది."

ఆవిడ చెయ్యి ఆగింది. "తెలిసిందా?"

"ఊఁ."

"మరి అక్కడే చెప్పొచ్చుగా."

"చెబితే అల్లుడికి రెండు తెలిసేవి, నా పేరూ, నాకు మీరిచ్చే విలువా. ఇప్పుడు ఒక్కటే తెలిసింది."

ఆవిడ ఆపుకోలేక నవ్వేసింది. "వాడు అడిగితే నేను కాదనలేనండీ. నా తమ్ముడు కదా. అయినా నవ్వితే నవ్వారు, ఏం అరిగిపోయింది?" అని, దూది పక్కన పడేసి, తమ్ముడికి ఫోన్ చేసింది. "కనిపెట్టేశారురా. రంగు ఆరనే లేదు." అటునుంచి వచ్చిన నవ్వు గుమ్మం దాకా వినబడింది. మందు ఆరిపోయి, మరక ప్యాంటు మీద మరింత వెడల్పుగా పరుచుకుంది.

ఆవిడ ఫోన్ పెట్టెయ్యగానే మళ్లీ మోగింది. అల్లుడు. ఏదో గుట్ట దగ్గర ఉన్నట్టున్నాడు, వెనక స్నేహితుల గోల.

"అత్తయ్యా, రివర్సు మామయ్య ఉన్నారా? క్లచ్ పిడి ఎటు తిప్పాలో మర్చిపోయా."

ఆవిడ ఫోన్ చాపింది. అతను అందుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఆఁ, రివర్సునే. చెప్పండి అల్లుడుగారూ."